ఈడేరిన పిల్ల కథ రంగం మీదికి: ఒక సంవాదం

తెలుగు రంగస్థలానికి ఆడదాని కథ కొత్త కాదు. సత్యభామ అలక, చంద్రమతి అగచాట్లు, మధురవాణి మాటకారితనం, చింతామణి మనసు మారడం తీసేస్తే నూరేళ్ల నాటకంలో మిగిలేది తక్కువ. పశ్చిమ ప్రకాశం పల్లెల్లో తిరునాళ్ల రాత్రుళ్లు జనాన్ని తెల్లవార్లూ కూర్చోబెట్టినవి చాలావరకు ఈ పాత్రలే. కానీ ఒక ఆడపిల్ల పదకొండో పన్నెండో ఏట పెద్దమనిషై, ఆటలు మాని, ఒంటి గురించీ చదువు గురించీ పెళ్లి గురించీ లోలోపల భయపడుతూ ఎదిగే కాలం ఈ రంగం మీద దాదాపు కనపడదు. సరిగ్గా ఆ కాలాన్నే కథావస్తువు చేసుకుని, దాన్ని బతికిన ఆడవాళ్లే కూర్చి ఆడే నాటకం కరీబియన్ దీవుల నల్లజాతి స్త్రీల మధ్య దాదాపు యాభై ఏళ్లుగా పెరుగుతూ వచ్చింది. అలాంటిది తెలుగునాట ఉందా, ఉంటే ఏ రూపంలో ఉంది, దాన్ని నాటకమనవచ్చా అన్నవి ఈ సంవాదంలో ప్రశ్నలు. వాదించేది ఇద్దరు. తర్లుపాడు చుట్టుపక్కల ఊళ్లలో హార్మోనియం ముందు కూర్చుని పద్యనాటకాలు నేర్పుతూ ముసలితనానికి వచ్చిన మాస్టారు ఒకరు. ఆ మండలంలోనే హైస్కూలు పిల్లలకు సాంఘికశాస్త్రం చెప్పే టీచరమ్మ ఇంకొకరు.

మాస్టారి వాదన అభినయంతో మొదలవుతుంది. "పాత్రకు ఆడా మగా ఏందమ్మా? బాపట్ల స్థానం నరసింహారావుగారు సత్యభామ వేసి వస్తే, ఆయన నడకా చీరకట్టూ చూసి ఆడవాళ్లే ముచ్చటపడేవాళ్లని మా పెద్దలు చెప్పేవాళ్లు. 1956లో పద్మశ్రీ ఇచ్చారాయనకు. మగవాడు అంతగా మెప్పించిన పాత్రను ఆడది వేస్తేనే నిజమంటే నేనొప్పుకోను."

"స్థానం వారి ప్రతిభను నేను కాదనడం లేదు మాస్టారూ," అంటారు టీచరమ్మ. "ఆయన చూపించింది నిండుగా పెరిగిన ఆడదాన్ని. పన్నెండేళ్ల పిల్లను చూపించమని ఆయన్నెవరూ అడగలేదు. అట్లాంటి పాత్రను ఎవరూ రాయనే లేదు కాబట్టి."

ఈ మాటకు మాస్టారు వెంటనే కన్యాశుల్కాన్ని ముందు పెడతారు. ఆ పేరు రావడం సబబే. తెలుగులో ఆడపిల్ల వయసు గురించి గట్టిగా మాట్లాడిన మొదటి గొప్ప నాటకం అది. గురజాడ అప్పారావు 1892లో దాన్ని ఆడించి, 1897లో అచ్చు వేయించి, 1909లో తిరగరాశారు. దాని వెనక లెక్కలున్నాయి. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ల కాలంలో బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన కన్యాశుల్కపు పెళ్లిళ్లను విజయనగరం మహారాజు ఆనందగజపతి రాయించి చూస్తే 1034 తేలాయి. వాటిలో 99 మంది పెళ్లికూతుళ్ల వయసు ఐదేళ్లు. 44 మందికి నాలుగేళ్లు, 36 మందికి మూడేళ్లు. ఏడాది వయసున్న పిల్లలు ముగ్గురు. గురజాడ తన పీఠికలో ఈ లెక్క రాసుకున్నారు.

"ఇంతకన్నా ఆడపిల్ల పక్షాన నిలబడ్డ నాటకం ఏదుందో చూపించు తల్లీ."

"పక్షాన నిలబడింది, ఒప్పుకుంటా. కానీ ఆ నాటకంలో ముసలి లుబ్ధావధాన్లుకు ఇవ్వబోయిన సుబ్బికి ఎన్ని మాటలున్నాయి? ఆమె పెళ్లి గురించి అందరూ మాట్లాడతారు. తల్లి నూతిలో దూకుతుంది, మేనమామ ఎత్తులు వేస్తాడు. పెళ్లికూతురి వేషంలో రంగం మీద తిరిగేది మాత్రం ఆ మేనమామ కరటకశాస్త్రి శిష్యుడు, మహేశమనే మగపిల్లవాడు. ఆ మారువేషంతో నాటకం ఎంత పదునెక్కిందో నాకు తెలుసు. అసలు పిల్ల గొంతు మాత్రం మనకు వినపడలేదు గదా."

మాస్టారు కాసేపు ఆలోచించి, సుబ్బి నోరు విప్పితే నాటకం వేరే దారి పట్టేదంటారు. టీచరమ్మ అడుగుతున్నది ఆ వేరే దారి గురించే.

తర్వాతి వాదన సురభిది. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో కీచకవధ ఆడిన వనారస కుటుంబం నుంచి ఎన్నో సమాజాలు పుట్టాయి. ఆడవేషాలకు మగవాళ్లను వెతుక్కునే రోజుల్లో ఆ కుటుంబాల స్త్రీలే రంగం మీదికి వచ్చారు. ఆడ పాత్రలతో ఆగక కృష్ణుడి వంటి మగ పాత్రలూ వేశారు. తొలి తెలుగు టాకీ భక్తప్రహ్లాదలో నటించిన కమలాబాయి సురభి బిడ్డే. తెలుగు నటిని నిలబెట్టిన ఘనత ఎవరికైనా ఇవ్వాలంటే ముందు సురభికే ఇవ్వాలి. ఇందులో ఇద్దరికీ భేదం లేదు. టీచరమ్మ ఒక్క మాటే చేరుస్తారు: సురభి ఆడపిల్లలు రంగం మీదే పెరిగారు గానీ, ఆ పెరగడం ఏనాడూ నాటకం కాలేదు. ప్రహ్లాదుడిగా, లవకుశులుగా బాల్యం గడిచేది. ఆ తర్వాత లీలావతి, సీత. మధ్యలోని వయసుకు వేషం లేదు.

సురభి బయట వేషం వేసిన ఆడవాళ్ల సంగతి ఇంకా కష్టం. కళావంతుల కుటుంబాల నుంచి వచ్చిన నటీమణుల ఆటను జనం ఇష్టపడ్డారు, వాళ్లను మాత్రం గౌరవించలేదు. వేశ్య కథగా కాళ్లకూరి నారాయణరావు రాసిన చింతామణి ప్రసక్తి ఇక్కడే వస్తుంది. ఆ నాటకాన్ని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 జనవరిలో నిషేధించింది. సుబ్బిశెట్టి పాత్ర తమను కించపరుస్తోందని ఆర్యవైశ్యులు చెప్పిన అభ్యంతరం దానికి కారణం.

"అది నాకూ బాధే," అంటారు మాస్టారు. "నూరేళ్ల నాటకం. పద్యాలన్నీ జనానికి నోటికొచ్చు."

"నా బాధ వేరు మాస్టారూ. ఒక కులం నొచ్చుకుందంటే ఉత్తర్వు వచ్చింది. ఆ వేషం వేసిన ఆడమనిషిని చూసి ఈలలు వేసి, రాయకూడని మాటలన్న రాత్రులు ఎన్ని గడిచాయి? దాని గురించి ఎవరూ నొచ్చుకోలేదు."

మాస్టారు దీనికి ఎదురు చెప్పరు. ఆ రాత్రుళ్లు ఆయనకు తెలుసు. అయినా ఆడవాళ్లు రాయలేదన్న మాటను మాత్రం ఆయన సాగనివ్వరు. పదిహేడో శతాబ్దంలో తంజావూరు విజయరాఘవ నాయకుడి కొలువులో పసుపులేటి రంగాజమ్మ మన్నారుదాస విలాసాన్ని యక్షగానంగా రాసింది. తరిగొండ వెంగమాంబ చిన్నతనంలోనే భర్త పోయినా జుట్టు తీయించుకోనని నిలబడి, యక్షగానాలు రాసి 1817 దాకా బతికింది. తెలుగు స్త్రీ రంగస్థల రచనకు మూడున్నర శతాబ్దాల వయసుందని ఈ పేర్లు చెబుతాయి. ఒకరు రాజాశ్రయంలో, ఇంకొకరు భక్తి ఆశ్రయంలో రాశారు. ఆ రెండు నీడలూ లేని కూలి స్త్రీ నాటకం కట్టడం వేరే చరిత్ర. దానికి బాగా స్పష్టమైన ఉదాహరణ జమైకా.

1977లో జమైకా ప్రధాని మైకేల్ మ్యాన్లీ ప్రభుత్వం నిరుద్యోగుల కోసం ప్రత్యేక ఉపాధి పథకం నడుపుతోంది. కింగ్‌స్టన్ నగరంలో వీధులు ఊడ్చే పని చేసిన పేద నల్లజాతి స్త్రీలు కొందరు ఆ పథకం కింద బడుల్లో సహాయకులుగా శిక్షణ పొందుతున్నారు. కార్మిక వారోత్సవానికి ఏదైనా ప్రదర్శన ఇవ్వమంటే వాళ్లు నాటక పాఠశాలకు చెందిన హానర్ ఫోర్డ్-స్మిత్ సాయం అడిగారు. ఏ కథ ఆడతారన్న ప్రశ్నకు, ఆడవాళ్లుగా తాము పడుతున్న బాధే ఆడతామన్నారు. బట్టల ఫ్యాక్టరీలో పనిచేసే ఆడవాళ్లు సంఘం పెట్టుకోవడమే ఆ మొదటి నాటకం. పదమూడు మందితో నిలిచిన ఆ బృందం పేరు సిస్ట్రెన్.

"వాళ్లకు రచయిత లేడు మాస్టారూ. ఒకరు తన అనుభవం చెబితే మిగతావాళ్లు అప్పటికప్పుడు దాన్ని ఆడి చూసేవాళ్లు. నిలబడింది ఉంచారు, నిలబడంది తీసేశారు. మాట కూడా వీధిలో మాట్లాడుకునేదే. బడిలో నేర్పే ఇంగ్లీషును పక్కన పెట్టి జమైకా జనం పలుకుబడిలోనే ఆడారు. 1978లో వేసిన బెల్లీవుమన్ బ్యాంగరాంగ్ మన వాదానికి బాగా దగ్గర. చిన్న వయసులోనే కడుపుతో ఉన్న ఆడపిల్లల కథ అది. ఒళ్లు మారుతుంటే ఎవరూ ఏమీ చెప్పకపోవడం, తెలియనితనంలో మోసపోవడం, బలవంతానికి గురికావడం, తల్లుల కోపం, అన్నీ ఉంటాయి. వాటిని వాళ్లు చిన్నప్పటి గుండ్రపు ఆటల్లో, పాటల్లో, పొడుపుకథల్లో పెట్టి ఆడారు."

ఇక్కడ మాస్టారి ఆసక్తి మొదటిసారి వస్తువు మీది నుంచి రూపం మీదికి మళ్లుతుంది. "ఆటల్లో పెట్టారా? అట్లయితే అది ఒట్టి గోడు కాదు. దానికో నడక ఉంది."

నడక ఉందనడం నిజమే. సిస్ట్రెన్ ఆ తర్వాత బానిసత్వం తప్పించుకుని వలస పాలకులతో పోరాడిన మెరూన్ల నాయకురాలు నానీ కథను 1980లో నానా యా పేరుతో ఆడింది. ఆ ఏడాదే కింగ్‌స్టన్‌లోని ఈవెంటైడ్ అనే పేదల ఆశ్రయంలో మంటలు లేచి నూట యాభై మందికి పైగా ముసలి స్త్రీలు చనిపోయారు. క్వీనీ, పెర్లీ, హోపీ అనే ముగ్గురి జీవితాలుగా ఆ విషాదాన్ని 1981లో నాటకం చేశారు. సభ్యుల జీవితకథలు 1986లో లయన్‌హార్ట్ గాల్ అనే పుస్తకంగా వచ్చాయి. ఊళ్లలో ప్రదర్శన అయ్యాక చూసిన ఆడవాళ్లతో కూర్చుని, కథలోని సమస్యను మళ్లీ వాళ్లచేత ఆడించడం సిస్ట్రెన్ పనిలో ముఖ్య భాగం. ఈ పాయ సముద్రం దాటి కూడా సాగింది. కింగ్‌స్టన్‌లో పుట్టి కెనడా వెళ్లిన ద్బి యంగ్ అనితాఫ్రికా 2005 నాటి తన ఏకపాత్ర నాటకంలో పదిహేనేళ్ల జమైకా పిల్ల బహిష్టునూ, ఆమె చుట్టూ ఉన్న హింసనూ, తల్లీ అమ్మమ్మల తరాలనూ ఒక్కతే అన్ని పాత్రలై చూపించింది. ఆమె తల్లి తాళానికి కవిత్వం చెప్పే డబ్ కవయిత్రి. కూతురి నాటకం ఆ తాళం మీదే నడుస్తుంది.

"ఒక్క మనిషే అందరూ అయ్యి, తాళం మీద కథ చెప్పడమంటే మన హరికథేగదమ్మా."

"అదే నేననేది. మనకు రూపం లేక కాదు."

మాస్టారి గట్టి అభ్యంతరం దీని తర్వాత వస్తుంది. బాధ చెప్పుకోవడం, నినాదం ఇవ్వడం ఒకటి, నాటకం ఇంకొకటి అని ఆయన నమ్మకం. అక్షరాస్యత రోజుల్లో ఊరూరా తిరిగిన కళాజాతాలను ఆయన చూశారు. పాటలు బాగున్నా, పాత్రలు మనసులో నిలవలేదంటారు. ఈ విమర్శను తేలిగ్గా కొట్టిపారేయలేం. కానీ తెలుగునాట జమైకా అనుభవానికి అన్నిటికన్నా దగ్గరగా వచ్చిన ఘట్టం అదే.

ఈ చరిత్రకు ప్రకాశంతో చుట్టరికం ఉంది. 1970 ఫిబ్రవరి 2న ఈ జిల్లా ఏర్పడినప్పుడు మార్కాపురం, గిద్దలూరు కర్నూలు నుంచి వస్తే, కనిగిరి, పొదిలి, దర్శి నెల్లూరు నుంచి వచ్చాయి. ఆ నెల్లూరు జిల్లాలో 1991 జనవరిలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. జనవిజ్ఞాన వేదిక కార్యకర్తలు వీధినాటకాలతో, పాటలతో పల్లెలు తిరిగి ఆడవాళ్లను రాత్రిబడులకు రప్పించారు. వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉంది. తాగుడుతో కాపురం కూలిన స్త్రీ ఊరి ఆడవాళ్లను కూడగట్టి సారా కొట్టు మూయించే కథ అది. ఆ జిల్లాలోని దూబగుంట ఆడవాళ్లు దాన్ని చదివి, మాట్లాడుకుని, తమ ఊళ్లో సారా కొట్టు మూయించారు. వాళ్లను ముందుండి నడిపిన వర్దినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. ఆ అనుభవం మళ్లీ "ఆడవాళ్లు ఏకమైతే" అనే పాఠమై ఇంకో ఊరికి చేరింది. 1992లో సారా వేలంపాటలను ఆడవాళ్లు అడ్డుకున్నారు. సారా పొట్లాలను కుప్పపోసి తగలబెట్టారు, తాగుబోతులను ఊరేగించారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి.

"1997లో మందు మళ్లీ రానే వచ్చింది. ఆ నాటకాలు ఏం నిలబెట్టినట్టు?"

"సడలించింది ప్రభుత్వం మాస్టారూ, ఆ తప్పును నాటకం నెత్తిన రుద్దొద్దు. ఒక కథ చదివిన ఆడవాళ్లు ఆ కథను తమ వీధిలో నడిపించారు. చూసేవాళ్లూ ఆడేవాళ్లూ ఒకటైన సందర్భం మన దగ్గర ఇంతకన్నా పెద్దది నాకు కనపడలేదు. నా ఫిర్యాదు ఇంకోటుంది. ఆ కథలన్నిట్లో ఆడది తాగుబోతు పెళ్లాం, లేకపోతే వాడి తల్లి. వాడి కూతురేమైంది? సారా ఖర్చు కోసం బడి మానిన పిల్ల, అప్పు తీర్చడానికి తొందరపడి పెళ్లి చేసిన పిల్ల, ఆ పిల్ల పాత్ర ఎక్కడుంది?"

ఈ లోపం అంతకు ముందు తరంలోనూ ఉంది. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి మధ్యతరగతి ఇళ్ల ఆడవాళ్లను సైతం వేదికెక్కించింది. మోటూరి ఉదయం వంటి వాళ్లు ఆడవాళ్ల బుర్రకథ దళం కట్టి ఊళ్లు తిరిగారు. ఆ మండలి కళాకారిణి కొండపల్లి కోటేశ్వరమ్మకు ఐదేళ్లు నిండేలోపే పెళ్లయింది, ఊహ తెలిసేసరికే వైధవ్యం వచ్చింది. ఆమె వేదికలెక్కి పాడింది, నటించింది, అజ్ఞాతవాసం గడిపింది. ఆ బాల్యాన్ని ఆమె చెప్పగలిగింది మాత్రం తొంభై ఏళ్లు దాటాక, 2012లో వచ్చిన నిర్జన వారధి అనే ఆత్మకథలో. దేశం, భూమి, కూలి గురించి పాడిన గొంతుకు తన చిన్నతనం పాడుకునే వేదిక దొరకలేదు. ఉద్యమ నాటకం స్త్రీకి చాలా ఇచ్చింది. ఇది మాత్రం ఇవ్వలేదు.

ఎవరి బాల్యం అన్నది ఇంకో ప్రశ్న. కులాన్ని పక్కన పెట్టి ఆడపిల్ల ఎదుగుదల గురించి మాట్లాడితే సగమే మాట్లాడినట్టు. అప్పటి ప్రకాశం జిల్లాలోనే, తూర్పున కారంచేడులో, 1985 జులైలో మంచినీటి చెరువును మురికి చేయొద్దన్నందుకు గొడవ మొదలైంది. కొట్టబోయిన వాళ్లకు అడ్డంగా మున్నంగి సువార్త అనే దళిత స్త్రీ బిందె ఎత్తింది. మర్నాడు, జులై 17న, దళితవాడ మీద జరిగిన దాడిలో ఆరుగురిని చంపారు. నీళ్లకు వెళ్లడం ఆడపిల్ల పని. ఆ దారిలో ఆమెకు ఎదురయ్యే అవమానం ఆమె కులాన్ని బట్టి ఉంటుంది. ఎం.ఎం. వినోదిని దాహం నాటకం దళితుల జీవితాన్ని నీటి చుట్టూ నిలిపింది. జమైకా స్త్రీలు రంగును, పేదరికాన్ని, ఆడతనాన్ని విడదీయకుండా చూపినట్టే తెలుగులో కులంతో కలిపి చూపడానికి దారి వేసింది ఇలాంటి రచనలే. "ఫ్లోరైడు నీళ్లు, కరువు, వలస ఉన్న మన పడమటి మండలాల్లో నీళ్ల బిందె మోసే పిల్ల కథ ఎక్కడికో పోయి వెతుక్కోవాల్సింది కాదు," అంటారు టీచరమ్మ.

మాస్టారు చివరికి తన బలమైన వాదన తీస్తారు. "నువ్వు లేదంటున్న నాటకం మన ఇళ్లలో ఉండనే ఉందమ్మా. సమర్త వేడుక ఏమనుకున్నావు? మేనమామ పచ్చి కొమ్మలు తెచ్చి గుడిసె వేస్తాడు. పిల్లను చాప మీద కూర్చోబెడతారు. చిమ్మిలి పెడతారు. వాడకట్టు ఆడవాళ్లంతా చేరి పాటలు పాడతారు. వేషముంది, పాటుంది, చూసేవాళ్లున్నారు. మగవాడి పెత్తనం లేకుండా ఆడవాళ్లే నడిపే ఆట అది."

"చాలా నిజం. అన్నీ ఉన్నాయి. అందరూ పాడతారు, ఎగతాళి చేస్తారు, దీవిస్తారు. అందరి మధ్యా నోరు తెరవకూడనిది ఒక్కరే, ఆ పిల్ల. పక్కన కూర్చోబెట్టిన రోజున ఆమెకేమనిపించింది? బడి మాన్పిస్తారేమోనని భయపడిందా? రక్తం చూసి చచ్చిపోతున్నాననుకుందా? అమ్మ ఎందుకు ఏడ్చింది? అవన్నీ ఆ వేడుకలో ఎవరూ అడగరు. మీరు చెప్పిన ఆటంతా అట్లాగే ఉంచి, నడుమ కూర్చున్న పిల్లచేత మాట్లాడిస్తే అదే మనం వేయాల్సిన నాటకం."

ఇంత దాకా వచ్చాక వాదం ఆచరణలోకి దిగుతుంది. భాష గురించి మాస్టారు పట్టు సడలిస్తారు. గ్రాంథికపు పలుకు పన్నెండేళ్ల పిల్ల నోట పలకదని ఆయనకు తెలుసు. మార్కాపురం, తర్లుపాడు వైపు ఇళ్లలో మాట్లాడే మాటే ఉండాలని ఇద్దరూ అంటారు. మగ పాత్రలు ఎవరు వేయాలన్న దానికి సురభి జవాబు చెప్పింది, సిస్ట్రెన్ కూడా అదే జవాబు చెప్పింది. తండ్రి, మేనమామ, పెళ్లిచూపులకు వచ్చినవాడు, అన్నీ ఆడవాళ్లే వేస్తారు. చెమ్మచెక్క, ఒప్పులకుప్ప, పొడుపుకథలు రంగాలను కలిపే దారాలవుతాయి. అసలు చిక్కు సమయం. మిరపకోతలకు గుంటూరు వైపు పోయిన కుటుంబాలు తిరిగి రాకముందు సాధన మొదలుపెడితే, ఎవరి కథ ముందు చెప్పాలో ఆ పిల్లలే ఉండరు. బడి మధ్యలో మానేది ఎక్కువగా వాళ్లే. అందుకని వేసవి సెలవులు.

మొదటి ప్రదర్శన గుడి ముందు తిరునాళ్లలో పెట్టాలని మాస్టారు అంటారు. ఊరంతా చూడని నాటకానికి పరువు రాదని ఆయన నమ్మకం. బడి ఆవరణలో, పగటిపూట, తల్లుల ముందే జరగాలని టీచరమ్మ అంటారు. తన ఒంటి కథ చెప్పిన పిల్ల మర్నాడు అదే వీధిలో నడవాలి, ఆమెను కాచుకోగల వాళ్లు ముందు చూడాలి. కింగ్‌స్టన్ ఆడవాళ్లు తమ పెద్ద వేదికల పక్కనే వాడల్లో చిన్న కూటాలు నడిపింది కూడా ఇందుకేనని ఆమె వాదన. ఇది విని మాస్టారు తిరునాళ్లను రెండో ఏడాదికి జరపడానికి ఒప్పుకుంటారు. పద్యం సంగతి తేలలేదు. ఒక్క పద్యమన్నా ఉండాలని, దుఃఖాన్ని నిలబెట్టే శక్తి రాగానికే ఉందని ఆయన అంటారు. పద్యం ఉండాలో లేదో కథ చెప్పిన పిల్లలే తేల్చాలని టీచరమ్మ అంటారు. దీని మీద ఇద్దరూ ఎవరి మాట మీద వాళ్లే ఉన్నారు.